ఫైర్‌బగ్ నుంచి ఫైర్‌ఫాక్స్ డెవ్‌టూల్స్ దాకా: జీతం లేని పనికి ఒక వాడుకరి వేసిన మార్కులు

డెవ్‌టూల్స్ అంటే ఎఫ్12 మీట నొక్కితే బ్రౌజర్‌లో తెరుచుకునేవి, వెబ్ పేజీ లోపలి కోడ్‌ని చూసి సరిచేసుకునే పనిముట్లు; ఫైర్‌బగ్ వాటికి ముందుతరం. ఇది ఫీచర్ల సమీక్ష కాదు. ఏ ప్యానెల్ ఎవరిది బాగుంది, క్రోమ్‌దా ఫైర్‌ఫాక్స్‌దా అన్న పోలికలు కావలసినన్ని దొరుకుతాయి. ఫైర్‌బగ్ రోజుల నుంచి ఫ్రంటెండ్ పనిలో (వాడుకరికి కనబడే వెబ్ పేజీలు తయారుచేసే పనిలో) ఉండి, ఎఫ్12 నొక్కకుండా పూట గడవనివాడిగా నేను తూకం వేయాలనుకున్నది వేరు. ఆ మీట వెనక వలంటీర్లు చేసిన పని ఎంత ఉంది, నాలాంటివాడికి అది ఎంత అక్కరకొచ్చింది, ఎంతకాలం నిలిచింది అన్నదే ఇక్కడ విషయం. నేను ప్రధానంగా వాడేవాణ్ణే. అప్పుడప్పుడు బగ్ రిపోర్టులు రాశాను, కొన్ని చిన్న ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) పంపాను. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా డెవ్‌టూల్స్ టీమ్‌లో నాకు చుట్టాలెవరూ లేరు.

తీర్పు ముందే చెప్పేస్తాను. పని నాణ్యతకు మంచి మార్కులే వేస్తాను. మన్నిక దగ్గర మాత్రం అందరికీ ఒకే మార్కు వేయలేను. బ్రౌజర్ బయట నిలబడి చేసిన పని ఎంత గొప్పదైనా బ్రౌజర్ మారిన రోజున కొట్టుకుపోయింది. బ్రౌజర్ కోడ్‌లోకే, అది సరిగ్గా నడుస్తోందో లేదో చూసే ఒక టెస్ట్‌తో సహా వెళ్లి చేరిన పని పది లైన్లదైనా సరే, రాసినవాళ్లు వెళ్లిపోయాక కూడా నడుస్తోంది.

ఫైర్‌బగ్ పేరు వినని తరం వచ్చేసింది కాబట్టి కొంచెం వెనక్కి వెళ్లాలి. 2006 జనవరిలో జో హ్యూవిట్ దాన్ని ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్‌గా, అంటే బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే ప్రోగ్రామ్‌గా, విడుదల చేశాడు. ఫైర్‌ఫాక్స్‌ని తొలినాళ్లలో రాసిన కొద్దిమందిలో ఆయన ఒకడు. అంతకుముందు ఏమీ లేదని కాదు. పేజీలోని ఎలిమెంట్ల చెట్టుని (డామ్) చూపించే డామ్ ఇన్‌స్పెక్టర్ ఉండేది, జావాస్క్రిప్ట్ కోడ్‌లో తప్పులు వెతుక్కోవడానికి వెంక్‌మన్ అనే డీబగ్గర్ ఉండేది. అయినా చాలామంది చేసేది కోడ్ మధ్యలో అలర్ట్ పెట్టి, పాపప్ వస్తుందా రాదా అని చూడటమే. పొరపాటున లూప్ లోపల అలర్ట్ పడిందంటే ఓకే నొక్కీ నొక్కీ వేలు నొప్పి పుట్టేది. ఫైర్‌బగ్ వచ్చి కన్సోల్ (కోడ్ పంపే సందేశాలు చూసే చోటు), హెచ్‌టీఎమ్‌ఎల్ (పేజీ నిర్మాణం), సీఎస్‌ఎస్ (పేజీ రూపం), స్క్రిప్ట్, డామ్, నెట్ (నెట్‌వర్క్ రాకపోకలు) అన్నిటినీ పేజీ కిందే ఒక్కచోట పరిచింది. సీఎస్‌ఎస్ విలువ మీద క్లిక్ చేసి మారిస్తే పేజీ అక్కడికక్కడే మారేది. ఇప్పుడు ఇందులో వింతేమీ లేదు. అప్పుడు మాత్రం అది చూశాక వెనక్కి వెళ్లి అలర్ట్‌లు పెట్టుకున్నవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు.

2007లో హ్యూవిట్ ఫేస్‌బుక్‌కి వెళ్లిపోయాడు. ఒక్కడు రాసిన టూల్ ఆ ఒక్కడితోనే ఆగిపోవడం మామూలే. ఇది ఆగలేదు. కోడ్ ఎవరైనా తీసుకుని మార్చుకోనిచ్చే బీఎస్‌డీ లైసెన్స్ కింద బయటే ఉంది. ఫైర్‌బగ్ వర్కింగ్ గ్రూప్ పేరుతో కొందరు చేరారు. ఐబీఎమ్‌లో పనిచేసే జాన్ బార్టన్, యాన్ ఒడ్వార్కో ముందుండి నడిపారు. వాళ్ల చుట్టూ బగ్‌లు సరిచేసేవాళ్లు, ఇంటర్‌ఫేస్ మాటలు తమ భాషల్లోకి మార్చేవాళ్లు, టెస్టులు రాసేవాళ్లు పోగయ్యారు. కొందరు తమ కంపెనీ సమయంలో చేశారు, కొందరు నిద్ర మానుకుని చేశారు. వాడుకరిగా నాకు ఆ తేడా ఎప్పుడూ కనబడలేదు. వలంటీర్ల పనికి అంతకంటే మంచి కితాబు నేను ఇవ్వలేను.

ఆ రోజుల్లో ఫైర్‌బగ్‌లో నాకు బాగా నచ్చింది ఎక్స్‌టెన్షన్‌కే ఎక్స్‌టెన్షన్లు ఉండటం. కుకీలు చూసుకోవడానికి ఫైర్‌కుకీ ఉండేది. సర్వర్‌లో పీహెచ్‌పీ భాషలోని కోడ్ రాసే సందేశాలను హెచ్‌టీటీపీ హెడర్లలో (పేజీతో పాటు కనబడకుండా వెళ్లే సమాచారంలో) దాచి పంపి, ఇక్కడ కన్సోల్‌లో చూపించే ఫైర్‌పీహెచ్‌పీ ఉండేది. ఆ హెడర్ల ఉపాయం చూసినప్పుడు ఎవరి బుర్రో గానీ భలే బుర్ర అనుకున్నాను. పేజీ ఎందుకు నెమ్మదిగా ఉందో గ్రేడులు వేసి చెప్పే వైస్లో 2007లో యాహూ నుంచి వచ్చింది. 2009లో గూగుల్ పేజ్ స్పీడ్ కూడా మొదట ఫైర్‌బగ్ మీదే ఎక్కి వచ్చింది. పెద్ద కంపెనీలు వలంటీర్ల టూల్ మీద తమ టూల్ కట్టుకోవడం అప్పట్లో మామూలు విషయంలా అనిపించింది. ఇప్పుడు తలచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

తర్వాతి కథ అంత హాయిగా లేదు. 2011లో ఫైర్‌ఫాక్స్ 5 నుంచి విడుదలలు వేగం పుంజుకున్నాయి. ఏడాదికి ఒకటి రెండు రావాల్సిన వెర్షన్లు ఆరేసి వారాలకు ఒకటి రావడం మొదలైంది. ఫైర్‌బగ్ ఆధారపడిందేమో బ్రౌజర్ లోపలి భాగాల మీద. అవి మారిన ప్రతిసారీ ఇక్కడ ఏదో ఒకటి విరిగేది. ఏ ఫైర్‌ఫాక్స్‌కి ఏ ఫైర్‌బగ్ వేసుకోవాలో పట్టిక చూసుకోవాల్సి వచ్చేది. కొత్త ఫీచర్ల మీద పెట్టాల్సిన ఓపికంతా ఉన్నవాటిని పడిపోకుండా పట్టుకోవడానికే పోయింది. 2014 జూన్‌లో వచ్చిన ఫైర్‌బగ్ 2.0ని తీసుకోండి. అందులో కొత్త ముఖం వచ్చింది నిజమే. కానీ అసలు శ్రమ లోపల జరిగింది: పాత డీబగ్గింగ్ ఇంజిన్‌ని బ్రౌజర్ వదిలేస్తోంది కాబట్టి కొత్తదాని మీదకి మొత్తం మార్చుకోవాల్సి వచ్చింది. వాడేవాడికి ఆ పని కనబడదు. చేసేవాడికి మాత్రం ఏడాది ఎటుపోయిందో తెలియదు.

ఈలోగా బ్రౌజర్‌లోనే సొంత టూల్స్ పెరుగుతున్నాయి. 2016లో ఫైర్‌ఫాక్స్ మల్టీప్రాసెస్‌కి (బ్రౌజర్ పనిని విడివిడి ప్రాసెస్‌లలో నడిపే పద్ధతికి) మారడం మొదలైంది, ఫైర్‌బగ్ 2 దానితో కలిసి నడవలేకపోయింది. 2017 నవంబర్ 14న వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా ఎక్స్‌టెన్షన్లన్నిటికీ తలుపు మూసేసింది. ఫైర్‌బగ్ కథ అక్కడితో సరి. ఆ కోడ్‌లో వలంటీర్లు పెట్టిన వేల గంటల్లో ఒక్క లైను కూడా ఈరోజు నా బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్‌గా నడవదు.

అలాగని అంతా బూడిదలో పోసిన పన్నీరూ కాలేదు. కన్సోల్.లాగ్ పక్కన గ్రూప్, టైమ్, టేబుల్, డిర్ అంటూ మనం ఆలోచించకుండా టైప్ చేసేవాటిలో చాలా భాగం ఫైర్‌బగ్ అలవాటు చేసినవే. తర్వాత అన్ని బ్రౌజర్లూ వాటినే తీసుకున్నాయి, బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ తీసుకుంది, వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూహెచ్‌ఏటీడబ్ల్యూజీ బృందం వాటిని ప్రమాణంగా రాసిపెట్టింది. నెట్‌వర్క్ ప్యానెల్‌లో రాకపోకల చిట్టాని హార్ ఫైల్‌గా సేవ్ చేసి సహోద్యోగికి పంపుతామే, ఆ ఫార్మాట్ వెనక కూడా ఒడ్వార్కో పని ఉంది. ఫైర్‌బగ్‌లో దానికి నెట్‌ఎక్స్‌పోర్ట్ అనే తోడు ఎక్స్‌టెన్షన్ ఉండేది. ఫైర్‌బగ్ డామ్ ప్యానెల్ లాంటిది డెవ్‌టూల్స్‌లోకీ వచ్చింది. మనుషులు కూడా కొందరు ఇటు వచ్చారు. కాబట్టి లెక్క ఇలా తేలుతుంది: కోడ్ పోయింది, వాడకం నిలిచింది.

ఇక ఇప్పటి డెవ్‌టూల్స్. ఇక్కడ వలంటీర్ల పని ఎలా ఉంటుందో చెప్పడానికి నేను ఎప్పుడూ ఇచ్చే ఉదాహరణ ఒకటుంది. 2019 అక్టోబర్‌లో ఫైర్‌ఫాక్స్ 70తో, పేజీ ఎలిమెంట్లనీ వాటి సీఎస్‌ఎస్‌నీ చూపే ఇన్‌స్పెక్టర్ ప్యానెల్‌లో ఒక చిన్న సదుపాయం వచ్చింది. మీరు రాసిన సీఎస్‌ఎస్ డిక్లరేషన్ (ఒక ప్రాపర్టీ, దాని విలువ ఉన్న లైను) తప్పేమీ కాదు, కానీ ఆ ఎలిమెంట్ మీద దానికి ప్రభావం లేదు. అలాంటప్పుడు ఆ లైను బూడిద రంగులోకి మారి, పక్కన చిన్న గుర్తు కనిపిస్తుంది. దాని మీద మౌస్ పెడితే ఎందుకు పనిచేయదో, ఏం చేస్తే పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెబుతుంది. మామూలు డివ్‌కి (పేజీలో పెట్టెలాంటి ఎలిమెంట్‌కి) వర్టికల్-అలైన్ మిడిల్ పెట్టి, కదలడం లేదేంటని తల పట్టుకోని ఫ్రంటెండ్ మనిషి ఉండడు. ఇప్పుడు ఆ లైను పక్కనే సమాధానం: ఇది ఇన్‌లైన్ ఎలిమెంటూ కాదు, టేబుల్ సెల్లూ కాదు, కాబట్టి దీనికి ప్రభావం లేదు. ఈ ఒక్క సదుపాయం నాకు మిగిల్చిన సమయం ముందు మెరిసే కొత్త ప్యానెల్స్ అన్నీ దిగదుడుపే. తర్వాత క్రోమ్‌లోనూ ఇలాంటివి వచ్చాయి.

ఇందులో వలంటీర్ల చేయి ఎక్కడుందంటే, నియమాల్లో ఉంది. చట్రం టీమ్‌ది. ఆ చట్రంలో ఒక్కో నియమం ఒక్కో చిన్న బ్లాక్. దాన్ని తెరిచి చూస్తే నాలుగు భాగాలే కనిపిస్తాయి: ఏ ప్రాపర్టీల గురించి, ఏ పరిస్థితిలో ప్రభావం ఉండదు, వాడుకరికి చూపాల్సిన సందేశం గుర్తింపు పేరు, పరిష్కారం చెప్పే సందేశం గుర్తింపు పేరు. ఫ్లెక్స్ కంటైనర్ కాని చోట ఫ్లెక్స్-డైరెక్షన్ రాస్తే ఏమవుతుందో తెలిసినవాడు ఎవడైనా ఇది రాయగలడు. సీ++ భాష అక్కర్లేదు, బ్రౌజర్ ఇంజిన్ లోతులు అక్కర్లేదు. కావలసిందల్లా సీఎస్‌ఎస్ మీద పట్టు, అదీ రోజూ దానితో తన్నులు తిన్నవాడికి ఉండే పట్టు. అందుకే ఇలాంటి పనికి వలంటీర్లు సరిగ్గా సరిపోతారు. ఈ టూల్‌ని వాడేవాళ్లూ దీన్ని బాగుచేయగలిగినవాళ్లూ ఒకే వృత్తివాళ్లు. డెవ్‌టూల్స్ పైభాగమంతా జావాస్క్రిప్ట్, దాని లైబ్రరీలైన రియాక్ట్, రిడక్స్. దాన్ని డీబగ్ చేయాలంటే బ్రౌజర్ టూల్‌బాక్స్ అని ఇంకో డెవ్‌టూల్స్ తెరుచుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు నవ్వొస్తుంది, కాసేపటికి అలవాటైపోతుంది.

తేలిగ్గా కనిపించే ఈ నియమాల్లో మెలిక ఉండదనుకోకండి. ఇన్‌లైన్ ఎలిమెంట్‌కి (మాటల వరసలోనే ఒదిగేదానికి) విడ్త్, అంటే వెడల్పు, పెడితే ప్రభావం ఉండదు అన్నది మనందరికీ పాఠంలా వచ్చు. స్పాన్ విషయంలో అది నిజం. ఇమేజ్ కూడా ఇన్‌లైనే, కానీ దానికి విడ్త్ చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే అది రీప్లేస్డ్ ఎలిమెంట్, అంటే లోపలి సరుకు బయటి నుంచి వచ్చేది. వీడియో కూడా అంతే. కాబట్టి నియమంలో ‘ఇన్‌లైన్’ అని రాస్తే చాలదు, ‘రీప్లేస్డ్ కాని ఇన్‌లైన్’ అని రాయాలి. ఈ గొడవంతా టెస్టుల్లో కనబడుతుంది. ఒక్కో టెస్ట్ నాలుగైదు లైన్లే: ఈ ట్యాగ్, ఈ నియమాలు, ఈ ప్రాపర్టీ, ప్రభావం ఉందా లేదా. స్పాన్‌కి లేదు అని ఒకటి, ఇమేజ్‌కి ఉంది అని ఇంకొకటి. రివ్యూ చేసేవాళ్లు రెండోదాని కోసమే ఎక్కువ పట్టుబడతారు. ‘పనిచేయదు’ అని చెప్పే టెస్ట్ అందరూ రాస్తారు. ‘ఇక్కడ మాత్రం పనిచేస్తుంది, నోరు మూసుకో’ అని టూల్‌కి చెప్పే టెస్టే అసలైనది. పనిచేసే కోడ్‌ని పనిచేయదని చూపించే టూల్ కంటే ఏమీ చెప్పని టూలే నయం.

ఇంకో సంగతి. సందేశాల వాక్యాలు కోడ్‌లో ఉండవు, అనువాదాల కోసం మొజిల్లా వాడే ఫ్లూయెంట్ అనే ఫార్మాట్‌లో, విడి ఫైల్‌లో ఉంటాయి. వాక్యం అర్థం మారేలా సవరిస్తే దాని గుర్తింపు పేరు కూడా మార్చాలి. లేకపోతే మిగతా భాషలవాళ్లకి అది మారిందన్న సంగతే తెలియదు, పాత అర్థమే తెర మీద మిగిలిపోతుంది. ఇలాంటివి రివ్యూలో ఒకసారి చెప్పించుకుంటే మళ్లీ మర్చిపోం.

మన్నిక గురించి పైన అన్నమాటకి ఇక్కడే జవాబు ఉంది. ఫైర్‌బగ్ విరిగినప్పుడు బాగుచేయాల్సింది ఫైర్‌బగ్ వాళ్లే. బ్రౌజర్ కోడ్ మార్చినవాడికి ఆ బాధ్యత లేదు. ఇక్కడ పరిస్థితి తలకిందులు. రేపు ఇంకొకరు లేఅవుట్ కోడ్‌లో ఏదో మార్చి, నా నియమం టెస్ట్ విరగ్గొడితే, వాళ్ల మార్పే ఆగిపోతుంది. అది లోపలికి వెళ్లాక టెస్టులు ఎర్రబడగానే షెరిఫ్‌లు అని పిలిచే కాపలావాళ్లు దాన్ని వెనక్కి తీసేస్తారు. సరిచేసి మళ్లీ పంపాల్సింది వాళ్లే, నేను కాదు. నేను ఆ సమయానికి నిద్రపోతూ ఉండొచ్చు, ఉద్యోగం మారి డెవ్‌టూల్స్ ఊసే మర్చిపోయి ఉండొచ్చు. సీఎస్‌ఎస్ కూడా కదలకుండా కూర్చోదు. అలైన్-కంటెంట్ అనే ప్రాపర్టీ ఒకప్పుడు మామూలు బ్లాక్‌ల మీద పనిచేసేది కాదు. 2024 ఏప్రిల్‌లో ఫైర్‌ఫాక్స్ 125 నుంచి పనిచేస్తోంది. నిన్నటిదాకా నిజం చెప్పిన నియమం ఆ రోజు నుంచి అబద్ధం చెప్పినట్టే. అలాంటివి దిద్దడానికి కూడా కోడ్ అంతా ఒకే చోట ఉండటం ఎంతో కలిసొస్తుంది.

లోపల చేరినదల్లా శాశ్వతం అని మాత్రం అనను. 2012లో ఫైర్‌ఫాక్స్ 11తో టిల్ట్ అని పేజీని త్రీడీలో, అంతస్తులు అంతస్తులుగా చూపించే సదుపాయం వచ్చింది. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో ఒక విద్యార్థి మొదలుపెట్టిన పని అది. చూపించినవాళ్లందరూ అబ్బో అన్నారు. నేనూ మీటింగుల్లో చూపించడానికి వాడాను, పనికి మాత్రం ఎప్పుడో గానీ వాడలేదు. 2016లో ఫైర్‌ఫాక్స్ 47లో తీసేశారు. మూడునాళ్ల ముచ్చట అనిపించింది గానీ కోపం రాలేదు.

ఇప్పుడు పని విధానం గురించి కొంచెం. కొత్తవాళ్లు భయపడేది బిల్డ్ దగ్గర. బ్రౌజర్ మొత్తం కంపైల్ చేయాలంటే మంచి మెషీన్ కూడా చాలాసేపు ఆయాసపడుతుంది. డెవ్‌టూల్స్ పనికి ఆ అవసరం లేదు. సెటప్ సమయంలో ఆర్టిఫాక్ట్ మోడ్ ఎంచుకుంటే సీ++ భాగాలన్నీ ముందే తయారైనవి దిగుతాయి, మన జావాస్క్రిప్ట్ మార్పులు మాత్రమే ఇక్కడ కలుస్తాయి. నా దృష్టిలో వలంటీర్లకు జరిగిన అతి పెద్ద మేలు ఇదే. కోడ్ వెతుక్కోవడానికి సెర్చ్‌ఫాక్స్ ఉంది. అది నా బ్రౌజర్‌లో ఎప్పుడూ తెరిచే ఉంటుంది, ప్యాచ్ పనేమీ లేకపోయినా. సందేహాలు అడగడానికి మ్యాట్రిక్స్ చాట్‌లో డెవ్‌టూల్స్ గది ఉంది. ప్యాచ్ లోపలికి వెళ్లాక ఒకటి రెండు రోజుల్లో నైట్లీలో (రోజూ తయారయ్యే పరీక్షా వెర్షన్‌లో) కనిపిస్తుంది, తర్వాత బీటా, ఆ తర్వాత అందరి చేతికీ. 2020 నుంచి నాలుగు వారాల విడుదలలు కావడంతో ఆ ఎదురుచూపు కూడా తగ్గింది. మనం రాసిన వాక్యం ముక్కూమొహం తెలియనివాళ్ల తెర మీద కనబడుతుందంటే అదో తృప్తి, దాన్ని దాచుకోను.

డీబగ్గర్‌ని 2016 నుంచి కొంతకాలం కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో విడి ప్రాజెక్టుగా నడిపారు. వలంటీర్లు వెల్లువలా వచ్చిన కాలం అది. పుల్ రిక్వెస్ట్ (అక్కడ కోడ్ సవరణ పంపే పద్ధతి) పెట్టడం అందరికీ తెలుసు, ఫైర్‌ఫాక్స్ బిల్డ్ లేకుండానే పని మొదలుపెట్టొచ్చు. కానీ అక్కడ మారినదాన్ని మళ్లీ అసలు కోడ్‌లోకి మోసుకురావడం ఒక పనైపోయింది. చివరికి తిరిగి లోపలికి తెచ్చేశారు. గుమ్మం కొంచెం ఎత్తయింది, ఇల్లు మాత్రం ఒకటే అయింది. నేను వాడుకరిగా రెండోదానికే ఓటేస్తాను. కొత్తగా చేరాలనుకునేవాడి మనసు వేరేలా ఉండొచ్చు.

కోడ్ రాయనివాళ్ల పని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు, నాకేమో అదే ఎక్కువ విలువైనదనిపిస్తుంది. ‘ఇన్‌స్పెక్టర్ పనిచేయడం లేదు’ అన్న రిపోర్ట్‌తో ఎవరూ ఏమీ చేయలేరు. అదే ఇరవై లైన్ల హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైల్ జతచేసి, ఇది తెరవండి, ఇక్కడ క్లిక్ చేయండి, ఇది రావాలి, ఇది వస్తోంది అని రాస్తే సగం పని అయిపోయినట్టే. ఆ ఇరవై లైన్లకి దిగడమే కష్టం. అసలు పేజీలో వేల లైన్లు ఉంటాయి. ఒక్కో ముక్క తీసేస్తూ, బగ్ ఇంకా ఉందా అని చూస్తూ పోవాలి. ఇందులో సగంసార్లు బగ్ టూల్‌ది కాదు, మన పేజీదే అని తేలుతుంది. అదీ లాభమే.

దీనికి తోడు మోజ్‌రిగ్రెషన్ అనే టూల్ ఉంది. ఒకప్పుడు పనిచేసి ఇప్పుడు పనిచేయని దేనికైనా ఇది బ్రహ్మాస్త్రం. పనిచేసిన తేదీ ఒకటి, పనిచేయని తేదీ ఒకటి ఇస్తే, మధ్య తేదీ నాటి నైట్లీని దించి, కొత్త ప్రొఫైల్‌తో తెరుస్తుంది. మనం బగ్ ఉందో లేదో చూసి, టెర్మినల్‌లో ‘గుడ్’ అనో ‘బ్యాడ్’ అనో కొట్టాలి. సగం తేదీలు ఎగిరిపోతాయి. మళ్లీ మధ్యది తెరుస్తుంది. ఏడాది తేడా ఉన్నా తొమ్మిది మెట్లలో ఒక్క రోజుకి దిగిపోతాం. అక్కడితో ఆగదు, ఆ రోజు లోపలికి వెళ్లిన మార్పుల్లో కూడా అదే పని చేసి, చివరికి అనుమానితుల చిట్టా చేతిలో పెడుతుంది. కొత్త ప్రొఫైల్ కావడం వల్ల మన ఎక్స్‌టెన్షన్లేవైనా అడ్డుపడుతున్నాయా అన్న సందేహం కూడా అక్కడే తీరిపోతుంది. ఆ చిట్టాతో వచ్చిన రిపోర్ట్‌ని ఆ మార్పు చేసిన మనిషికే నేరుగా చూపించొచ్చు. దీనికి ప్రోగ్రామింగ్ అక్కర్లేదు, కమాండ్ లైన్ ఇష్టం లేనివాళ్లకి కిటికీలున్న వెర్షన్ కూడా ఉంది. నేను పంపిన ప్యాచ్‌లన్నీ ఒక తక్కెడలో, ఇలాంటి రిపోర్టులు ఇంకో తక్కెడలో పెడితే రెండోవైపే మొగ్గుతుందని నా నమ్మకం.

తక్కువ మార్కులు ఎక్కడ? వలంటీర్ పని ఉచితం అనుకోవడం దగ్గర. ప్రతి ప్యాచ్‌నీ ఎవరో ఒకరు కూర్చుని చదవాలి, ఆ ఎవరో దాదాపు ఎప్పుడూ జీతం తీసుకునేవాళ్లే. 2020 ఆగస్టులో మొజిల్లా దాదాపు 250 మందిని తీసేసింది, డెవ్‌టూల్స్ టీమ్ మీదా ఆ దెబ్బ పడింది. చదివే కళ్లు తగ్గితే రాసే చేతులు ఎన్ని ఉన్నా లాభం పరిమితమే. మొజిల్లా బగ్‌లు నమోదుచేసే బగ్‌జిల్లాలో పీ5 అనే ప్రాధాన్యం చూసే ఉంటారు. దాని అర్థం, మేం దీన్ని చేయం, మీరు ప్యాచ్ పంపితే తీసుకుంటాం అని. నిజాయితీగా చెప్పిన మాటే. అయినా వాడుకరికి చదవగానే చివుక్కుమంటుంది.

వలంటీర్ల వైపు నుంచీ లోపం ఉంది. కొత్తవాళ్ల కోసం గుడ్ ఫస్ట్ బగ్ అని గుర్తుపెట్టి ఉంచిన వాటి కింద ‘నేను చేస్తాను’ అని రాసి మాయమైపోయేవాళ్లు కోకొల్లలు. వాళ్ల పేరు మీద ఉంది కదా అని ఇంకొకరు ముట్టుకోరు. అందుకే ఇప్పుడు రెండు నెలలు కదలిక లేకపోతే బాటే (తనంతట తాను నడిచే ప్రోగ్రామే) వచ్చి పేరు తీసేస్తుంది. అసలు అడగాల్సిన పనే లేదు, మొదటి ప్యాచ్ పెట్టగానే బగ్ మీ పేరు మీదకి వస్తుంది. ఈ మాట ఎక్కడ రాసినా చదివేవాళ్లు తక్కువ.

పోలిక కోసం రెండు ముక్కలు. మరో ఓపెన్ సోర్స్ టూల్‌కి, పేరు అనవసరం, నేను పంపిన ఒక సవరణ నెలల తరబడి ఎవరి కంటా పడకుండా ఉండి, చివరికి పాతబడిందని బాట్ మూసేసింది. మూసేయడం కంటే, ఎవరూ చదవలేదన్నదే ఎక్కువ బాధించింది. ‘వద్దు’ అని ఒక్క మాట రాసినా సంతోషించేవాణ్ణి. క్రోమ్ డెవ్‌టూల్స్ కోడ్ కూడా ఓపెన్ సోర్సే. అక్కడ గెరిట్ అనే సైట్‌లో రివ్యూ, ముందుగా గూగుల్ కాంట్రిబ్యూటర్ ఒప్పందం మీద సంతకం. ఫైర్‌ఫాక్స్‌కి ప్యాచ్ పంపడానికి అలాంటి సంతకం అడగరు. కంపెనీ లీగల్ వాళ్లతో మాట్లాడే ఓపిక లేనివాళ్లకి ఇది చిన్న తేడా కాదు.

ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే నా సలహా వరస ఇది. ముందు మిమ్మల్ని రోజూ చిరాకుపెట్టే ఒక్కదాన్ని పట్టుకోండి. బగ్‌జిల్లాలో అది ఇప్పటికే ఉందేమో వెతకండి, చాలాసార్లు ఉంటుంది. ఉంటే ‘నాకూ ఇదే’ అని రాయకుండా చిన్న టెస్ట్ ఫైల్ జతచేయండి. ఇంతకుముందు పనిచేసి ఉంటే మోజ్‌రిగ్రెషన్ నడపండి. ప్యాచ్ ఆ తర్వాతి మాట. ప్యాచ్ దాకా వెళ్తే టెస్ట్‌తోనే పంపండి, అడిగించుకోకండి. ట్రై సర్వర్ మీద అన్ని ప్లాట్‌ఫారాల్లో నడిపించడానికి మీకు అనుమతి ఉండదు, రివ్యూ చేసేవాళ్లనే నడపమని అడగొచ్చు, మొహమాటం అక్కర్లేదు.

ఇంకొకటి, దారి తప్పేది ఇక్కడే. 2025లో ఫైర్‌ఫాక్స్ కోడ్, మార్పుల చరిత్ర దాచే మెర్క్యూరియల్ నుంచి అలాంటిదే అయిన గిట్‌కి మారింది, గిట్‌హబ్‌లోనే కనిపిస్తుంది. అది చూసి పుల్ రిక్వెస్ట్ పెడితే తీసుకోరు. ఈ మార్పు జరిగాక కూడా ప్యాచ్‌లు మోజ్‌ఫ్యాబ్ అనే కమాండ్‌తో ఫాబ్రికేటర్ అనే రివ్యూ సైట్‌కే వెళ్తున్నాయి, అక్కడ డెవ్‌టూల్స్ రివ్యూయర్ల గుంపుని తగిలిస్తే చాలు, ఫలానా మనిషిని వెతుక్కోనక్కర్లేదు. పాత వ్యాసాల్లో మెర్క్యూరియల్ కమాండ్లు కనబడితే వాటిని వదిలేసి, ఫైర్‌ఫాక్స్ సోర్స్ డాక్స్‌లో డెవ్‌టూల్స్ పేజీ తాజాది చూసుకోండి.